సవర నేర్చుకున్న పంతులుగారు, ఆయనకు నేర్పిన మనవాళ్లు

ఏటా ఆగస్టు 29న మన ఏజెన్సీ బడుల్లో కూడా తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి ఫొటోకు దండ వేస్తారు. వాడుక భాష కోసం పోరాడారని, పండితులను ఎదిరించారని చెబుతారు. చివర్లో ఎవరో ఒకరు, సవర భాషకు కూడా సేవ చేశారని ఒక్క ముక్క అంటారు. మన పిల్లలు చప్పట్లు కొట్టి తరగతిలోకి వెళ్లిపోతారు. ఆ ఒక్క ముక్క వెనక ముప్పై ఏళ్లకు పైగా సాగిన పని ఉంది. అందులో మన ముత్తాతల వాటా కూడా ఉంది. గురువులకు కృతజ్ఞత చెప్పుకుందామని ఈ ప్రత్యేక సంచిక తలపెట్టినప్పుడు, మొదట ఈ కథే చెప్పాలని మేమందరం అనుకున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పంతులుగారు మనవాళ్లకు దగ్గర ఊరివారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి పర్లాకిమిడి ప్రాంతంలో రెవెన్యూ ఉద్యోగి. ఆ తండ్రి 1875లో జ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడే ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతికి ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. తరవాతి చదువంతా ఉద్యోగం చేస్తూ ఇంటి దగ్గర చదివి పరీక్షలు రాసిందే. బి.ఏ. పూర్తయ్యేసరికి ఆయనకు ముప్పై మూడేళ్లు. పెళ్లయిందనో, ఉద్యోగం వచ్చిందనో డిగ్రీ మధ్యలో మానేసిన మన కుర్రాళ్లు ఈ సంగతి ఒకసారి గమనించాలి.

చరిత్ర పాఠం చెప్పే మనిషి కాబట్టి ఆయనకు తన చుట్టూ ఉన్నదంతా తెలుసుకోవాలని ఉండేది. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి పాత లిపులు తనకు తానే నేర్చుకున్నారు. గుడి గోడ మీది అక్షరాలను అంత పట్టుదలగా చదివిన మనిషి కంటికి, ఊరి చుట్టూ ఉన్న కొండల్లోంచి దిగివచ్చే మనుషులు కనబడకుండా ఎలా ఉంటారు? పర్లాకిమిడికి మనవాళ్లు చింతపండు, పసుపు, కందులు, అడవి సరుకు పట్టుకుని సంతకు వచ్చేవారు. వచ్చిన ప్రతివాడికీ మధ్యలో ఒక దుబాసీ కావలసి వచ్చేది. షావుకారు దగ్గరకు వెళ్లినా, ఠాణాకు వెళ్లినా, కచేరీకి వెళ్లినా మన మాట మనం చెప్పుకునే వీలు లేదు. మధ్యలో ఉన్నవాడు ఎంత చెబితే అంతే. తెలుగు బడి ఉంది, ఒడియా మాటాడే ఉద్యోగులున్నారు, ఇంగ్లీషు దొరలున్నారు. సవర మాట అర్థమయ్యేవాడు ఒక్కడూ కుర్చీలో లేడు.

పంతులుగారు సవర నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, రాతలో ఉన్న ఒక్క పేజీ లేదు. ఆయన చేసిన పని ఏమిటంటే, తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, అతని నోట విని, ఒక్కొక్క మాట రాసుకోవడం. ఆ మనిషి గురువు, రామమూర్తి పంతులు శిష్యుడు. కొండ నుంచి దిగివచ్చిన మనిషి చెబుతుంటే, రాజావారి బడిలో పాఠం చెప్పే పంతులు పలక పట్టుకుని కూర్చున్నట్టే అది. పంతులుగారి గురించి వచ్చే వ్యాసాల్లో ఆ మనిషి సాధారణంగా ‘సవర తెలిసిన ఒక వ్యవహర్త’ అనే మాటతో వెళ్లిపోతాడు. ఊరూ పేరూ ఉండవు. ఆ తరవాత కొండ ఊళ్లకు వెళ్లినప్పుడు కథలు చెప్పినవాళ్లు, పాటలు పాడినవాళ్లు, ‘అలా కాదు, ఇలా అనాలి’ అని దిద్దినవాళ్లు ఇంకెందరో ఉంటారు. ఆడవాళ్లూ ఉంటారు. మన పాటలు ఎక్కువగా ఎవరి నోట ఉంటాయో మనకు తెలియనిది కాదు. ఈ సంచికలో మా మొదటి దండం వాళ్లకు.

మన భాష ఆయనకు సులువుగా లొంగలేదు. తెలుగుకూ సవరకూ చుట్టరికం లేదు. తెలుగు, కువి, కొండ, గోండీ ద్రావిడ భాషలు. సవర ముండా భాష. గుతోబ్ గదబ, జువాంగ్, ఖరియా, సంతాలీ దానికి బంధువులు. ఇంకా దూరం వెళితే కంబోడియా, వియత్నాం వాళ్ల భాషలు కూడా అదే పెద్ద కుటుంబంలోకి వస్తాయి. మన మాటల్లో చాలాచోట్ల గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. మీరు రోజూ పలుకుతారు, కాబట్టి అది ప్రత్యేకంగా అనిపించదు. తెలుగు అక్షరమాలలో దానికి అక్షరం లేదు.

లెక్కలు చూడండి. తెలుగువాళ్లు పది దాకా లెక్కపెట్టి, పది మీద ఒకటి, పది మీద రెండు అంటూ పోతారు. సవరలో పన్నెండు దాకా వేరువేరు మాటలున్నాయి. పన్నెండును మిగ్గల్ అంటాం. పదమూడు అంటే మిగ్గల్‌బొయ్, అంటే పన్నెండు మీద ఒకటి. ఇరవైకి వచ్చేసరికి లెక్క మళ్లీ ఇరవైల్లోకి మారుతుంది. ముప్పై మూడు చెప్పాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. మీ ఊరి ఉచ్చారణ కొంచెం వేరుగా ఉండవచ్చు, పద్ధతి మాత్రం ఇదే. ప్రపంచంలోని అంకెల పద్ధతుల గురించి రాసే భాషాశాస్త్రజ్ఞులు సవర లెక్కను ప్రత్యేకంగా ఉదాహరణగా చూపిస్తారు. మనవాళ్లలో ఇప్పుడు చాలామంది ఐదు దాటితే తెలుగులోకి దూకేస్తున్నారు. సెల్‌ఫోన్ నంబరు సవరలో చెప్పగలిగిన కుర్రాడు ఈ మధ్య మాకు ఒక్కడూ తగల్లేదు.

పంతులుగారు భాష నేర్చుకున్నది తన పాండిత్యం కోసమే అయితే మనం ఇంత చెప్పుకోనక్కరలేదు. నేర్చుకున్న వెంటనే ఆయన చేసిన పని బడి పెట్టడం. సవర పిల్లలను తన ఇంట్లో ఉంచుకుని, అన్నం పెట్టి, చదువు చెప్పారు. సొంత డబ్బుతో బడులు తెరిచి పంతుళ్లకు జీతాలిచ్చారు. ఆ బడుల్లో పాఠం సవరలోనే. అందుకోసం వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు రాశారు. తెలుగు–సవర, సవర–తెలుగు నిఘంటువులు తయారు చేశారు. ఆయన కులమేమిటో, ఆ కాలమేమిటో తెలిసినవాళ్లకు, కొండ పిల్లవాడిని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టడం అంటే ఎంత మాటో వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలు అచ్చు వేయించింది. బహుమతిగా డబ్బు ఇస్తామంటే, అది తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టమని అడిగారని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. 1913లో బిరుదు కూడా ఇచ్చారు. బిరుదు కంటే ఆ బడి అడగడమే మాకు గొప్పగా కనబడుతుంది.

ఒక పని ఆయన ఒంటి మీద కూడా గుర్తు వేసి వెళ్లింది. మన కొండల్లో మలేరియా సంగతి మీకు తెలుసు. ఇప్పటికీ వానాకాలం వస్తే పీహెచ్‌సీల ముందు వరుసలుంటాయి. ఆ రోజుల్లో మందు క్వినైన్ ఒక్కటే. కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ ఎక్కువగా వాడడంతో ఆయనకు చెముడు వచ్చింది. అది జీవితాంతం ఉండిపోయింది. గొంతులో ఆగే ఆ చిన్న ధ్వనిని కూడా వదలకుండా విని రాసుకున్న మనిషి చెవులు అవి.

1911లో ఉద్యోగం నుంచి విరమించారు. అప్పటికే వాడుక తెలుగు పోరాటం మొదలైంది. ఆయన జీవితంలో ఆ భాగం తెలుగు పుస్తకాల్లో కావలసినంత ఉంది కనుక మేము దాటేస్తున్నాం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పిల్లవాడికి ఇంట్లో వినని, ఎవరూ మాటాడని భాషలో చదువు చెప్పడం అన్యాయమన్నదే ఆ పోరాటంలో ఆయన వాదం. పుస్తకమే లేని సవరను నోటి నుంచి నేర్చుకున్న మనిషికి, భాష పుస్తకంలో కాదు, నోట్లో ఉంటుందన్న సంగతి అనుభవంలో తెలిసింది. తెలుగు వాడుక భాషోద్యమంలో మన కొండల పాఠం కూడా ఉందని మా అభిప్రాయం. ఆగస్టు 29 సభల్లో ఎవరైనా మిమ్మల్ని మాటాడమంటే ఈ సంగతి చెప్పండి.

ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా ఇంగ్లీషులో వచ్చింది. ఇంగ్లీషు–సవర, సవర–ఇంగ్లీషు నిఘంటువులు ఆ దశాబ్దంలోనే వచ్చాయి. ముండా భాషల మీద మన దేశంలో శాస్త్రీయంగా పనిచేసిన తొలివారిలో ఆయన ఒకరు. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు తండ్రితో కలిసి, తరవాత విడిగా కూడా సవర మీద పనిచేశారు. అంతకు ముందే, 1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాలు, తెగల గురించి అచ్చువేసిన సంపుటాల్లో సవరల గురించిన భాగంలో పంతులుగారు ఇచ్చిన వివరాలు ఉన్నాయి. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి పెద్ద గ్రంథం రాశారు. ఈ వరుసలో ఎవరిని చదివినా మొదటి మెట్టు పర్లాకిమిడిలోనే కనబడుతుంది.

మెచ్చుకోవడంతో పాటు కొన్ని మాటలు నిజాయితీగా చెప్పుకోవాలి. పెద్ద పుస్తకాలు ఇంగ్లీషులో ఉండడం వల్ల అవి మన చేతికి రాలేదు. పరిశోధకుల బీరువాల్లోకి వెళ్లాయి. బడులు ఆయన ఓపిక, ఆయన డబ్బు మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. ఒక మనిషి మీద నిలబడిన బడి ఆ మనిషి తరవాత ఏమవుతుందో మనకు తెలుసు. అది ఆయన తప్పని మేము అనుకోవడం లేదు. ఆయన నడిచిన దారిలో ప్రభుత్వాలు వెంట నడవలేదు. స్వతంత్రం వచ్చాక, 1956లో, రాజ్యాంగంలో 350–ఎ అధికరణ చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని అది చెబుతుంది. ఆ మాట కాగితం మీదికి రావడానికి ఎంతో ముందే పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు దాన్ని చేసి చూపించాడు.

1936 మన చరిత్రలో చిత్రమైన సంవత్సరం. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊరు అటు వెళ్లడాన్ని పంతులుగారు గట్టిగా వ్యతిరేకించారు. ఫలితం లేకపోయేసరికి, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆ సరిహద్దు గీత మన కొండల మధ్య నుంచి కూడా వెళ్లింది. తెలుగువారి వాదన విన్నారు, ఒడియావారి వాదన విన్నారు. మీరు ఎటు ఉంటారని సవరలను అడిగినవారు లేరు. మేనమామ ఊరు ఒడిశాలో, సొంత ఊరు ఆంధ్రలో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అటువైపు పిల్లలు ఒడియా లిపిలో చదువుతున్నారు, ఇటువైపు పిల్లలు తెలుగు లిపిలో. మాట ఒక్కటే.

అదే 1936 జూన్‌లో, గుణుపురం వైపు, మంగేయ్ గొమాంగో అనే సవర పండితుడు మన భాషకు సొంత లిపి తయారు చేశారు. దాన్ని సొరా సోంపెంగ్ అంటారు. 24 అక్షరాలు, ఒక్కొక్క అక్షరానికి ఒక దేవత పేరు. బయటివారి లిపి అరువు తెచ్చుకోకుండా, మనవాడే కూర్చుని అక్షరం చెక్కడం చిన్న సంగతి కాదు. అక్షరాన్నే బ్రహ్మగా కొలిచే సంప్రదాయం దాని చుట్టూ పెరిగింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో దానికి చోటుంది, ఫాంటు వేసుకుంటే చాలు. ఆంధ్ర వైపు మనం దాన్ని వాడడం తక్కువ. తెలుగు లిపిలో రాసుకుందామా, సోంపెంగ్‌లో రాసుకుందామా అన్న వాదన మనలో నడుస్తూనే ఉంది. మాలో కూడా రెండు అభిప్రాయాలున్నాయి. ఏ లిపి అయినా రాసేవాళ్లుంటే బతుకుతుంది. మంగేయ్ గొమాంగోగారిని గురువుగా తలుచుకోవడంలో మాత్రం మాకు భేదాభిప్రాయం లేదు.

గురువు అంటే బడిలో ఉన్నవారే అనుకుంటే మన చరిత్రలో చాలామంది తప్పిపోతారు. కొండ వాలులో రాతికట్టు మీద రాతికట్టు పేర్చి, నీళ్లు ఒక మడి నుంచి మరో మడికి దిగేలా వరి పండించడం మనవాళ్లకు ఎవరో ఇంజనీరు నేర్పలేదు. తాత రాయి పేరుస్తుంటే మనవడు పక్కన చిన్న రాళ్లు అందించి నేర్చుకున్నాడు. కుడాన్ దగ్గర కూర్చున్న శిష్యుడు చనిపోయిన పెద్దల పేర్లు వరసగా నేర్చుకుంటాడు. రాత్రంతా సాగే ఆ పాట ఒక్క అక్షరం రాయకుండా తరాలు దాటింది. మతం మారిన కుటుంబాలవారు మనలో ఉన్నారు, వాళ్లకు ఆ పూజలతో సంబంధం లేకపోవచ్చు. కానీ అంత పొడుగు పాటను నోటితో దాటించిన బోధన పద్ధతి అందరి సొత్తు.

తరవాతి కాలానికి వస్తే, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. చదువు వచ్చింది, దానితో పాటు ఒక నిశ్శబ్దం కూడా వచ్చింది. ఆరేళ్ల పిల్లవాడు బడిలో చేరతాడు. పంతులు తెలుగులో అడుగుతాడు. పిల్లవాడికి జవాబు తెలుసు, మాట తెలియదు. నోరు మూసుకుంటాడు. వీడికి బుర్ర లేదని రాసేస్తారు. మాలో కొందరం అలా నోరు మూసుకుని కూర్చున్నవాళ్లమే. సవర మాటాడితే బెంచీ ఎక్కించిన బడి కూడా ఒకటుంది, దాని పేరు ఇక్కడ అక్కరలేదు. 1980ల చివర్లో ఐటీడీఏలు ‘మాబడి’ పేరుతో చిన్న ఊళ్లలో ఒక్క పంతులు బడులు తెరిచినప్పుడు పరిస్థితి కొంత మారింది. అక్కడ పాఠం చెప్పినవాళ్లలో పదో తరగతి చదివిన మన తెగల కుర్రాళ్లు ఉన్నారు. చాలీచాలని భృతితో, వాగు దాటి వెళ్లి, పిల్లలను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి కూర్చోబెట్టినవాళ్లు. ఇవాళ మనలో నర్సులు, కానిస్టేబుళ్లు, టీచర్లు, సచివాలయ ఉద్యోగులు ఉన్నారంటే వాళ్లలో చాలామందికి మొదటి అక్షరం దిద్దించింది అలాంటి ఒక అన్నో, అక్కో.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. అందులో సవర ఒకటి. తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు తయారు చేయడానికి మన ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు కూర్చుని కథలు, పొడుపు కథలు, చెట్ల పేర్లు పోగుచేశారు. పంతులుగారు తన ఇంట్లో మొదలుపెట్టిన పనిని దాదాపు నూరేళ్ల తరవాత మనవాళ్లు తమ చేతులతో మళ్లీ ఎత్తుకున్నారు. ఆ పని అన్ని ఊళ్లలోనూ ఒకేలా నిలవలేదు. పుస్తకం ఉన్నచోట సవర వచ్చిన పంతులు లేడు, పంతులు ఉన్నచోట పుస్తకం అందలేదు. సవర వచ్చిన టీచరును మైదానానికి బదిలీ చేసి, రాని టీచరును కొండకు పంపడం ఇప్పటికీ చూస్తున్నాం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సవరను మాతృభాషగా చెప్పినవారు నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారు. ఆ లెక్కలో ఇంట్లో పిల్లలతో సవర మాటాడేవారెందరో వేరే లెక్క. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, మెళియాపుట్టి, మందస వైపు మీ మీ ఊళ్ల సంగతి మీకే బాగా తెలుసు.

ఈ సంచికతో పాటు మేము ఒక పని మొదలుపెట్టాం. ప్రతి సవర ఊరిలో మొదట అక్షరాలు నేర్పినవారి పేర్లు రాసి పెట్టాలని. వారు ఏ కులం, ఏ మతం, ఏ భాషవారైనా సరే. బడిలో పనిచేసినవారైనా, రాత్రి బడి నడిపినవారైనా, చెట్టు కింద పలక పట్టించినవారైనా సరే. వారు బతికి ఉంటే వెళ్లి కలవండి, వారు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి. లేకపోతే ఊరి పెద్దలను అడగండి. పేరు, ఊరు, ఏ ఏళ్లలో పనిచేశారు, సవర మాటాడేవారా, వారి దగ్గర చదివినవారు ఇప్పుడెక్కడున్నారు, ఇవి రాస్తే చాలు. మీ నాన్నమ్మ, అమ్మమ్మల నోట ఉన్న పాటలు కూడా, పాడినవారి పేరుతో సహా పంపండి. పాడినవారి పేరు లేకుండా పాట మాత్రం పంపితే మేము అచ్చు వేయం.